కీమ్ తీరమునందు ఒక దినము

"పెద్దమ్మా, ఎడమవైపునకు చూడకుము" అని బండి నడుపుచున్న మా చెల్లెలి కుమార్తె చెప్పెను. చూడవలదన్న తరువాత చూడకుండ నుండుట ఎవరి తరము? చూచితిని. చక్రమునకును అంచునకును నడుమ మూరెడు గడ్డి కలదు. ఆ గడ్డి దాటిన వెనుక కొండ ఏటవాలుగా దిగి దిగి, ఎక్కడనో క్రింద నల్లని రాళ్ళమీద, తెల్లని నురుగులో అంతమగుచున్నది. చాలచోట్ల అడ్డుగోడ యైనను లేదు. ఎదుటనుండి మఱియొక బండి వచ్చిన నేమి చేయుదుమని అడుగబోయి, పిల్ల మనస్సు చెదరునేమో యని నోరు మూసికొంటిని.

ఐర్లండు దేశపు పడమటి తీరమున మేయో యను జిల్లా కలదు. ఆ జిల్లాకు చివర ఆకిల్ అను ద్వీపము. ఐర్లండు చుట్టునున్న దీవులలో నిదియే పెద్దది; వైశాల్యము సుమారు 57 చదరపు మైళ్ళు, జనులు రెండున్నర వేలమంది. ద్వీపమన్న మాటయే గాని, 1887వ సంవత్సరము మొదలు వంతెన యుండుటచే పడవ ఎక్కవలసిన పని లేదు. వంతెన దాటి పడమరగా పోయి పోయి, ఊళ్ళన్నియు ముగిసిన తరువాత, ఇంక బాటయే లేదనుచోట కీమ్ అను చిన్న సముద్రతీర మున్నది. దానిని చూపుటకై మా అమ్మాయి నన్ను తీసికొనిపోవుచుండెను. ఆమె ఆ జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో రోగులకు పరిచర్య చేయు ఉద్యోగమున నున్నది. దేశము విడిచి ఐదేండ్లయినది. "పిల్ల ఎట్లున్నదో నీ కన్నులతో చూచి రమ్ము" అని మా చెల్లెలు నాకు ప్రయాణమునాడు నూఱుసార్లు చెప్పి పంపినది.

అంతకు ముందు రెండు గంటల క్రిందట కీల్ అను గ్రామమున సముద్రమును చూచితిమి. అక్కడ ఇసుక తీరము మైళ్ళ పొడవున నున్నది. కాని దానిపై నిలుచుట సులభము కాదు. నైరృతి దిక్కునుండి వచ్చు గాలికి నా చీరకుచ్చెళ్ళు ఒక చేతను, తలపై శాలువ ఒక చేతను పట్టుకొని నిలిచితిని. బంగాళాఖాతపు అలలను చిన్ననాటనుండి చూచినదానను. ఆ అలలు వేఱు, ఈ అలలు వేఱు. ఇచ్చటినుండి పడమరగా పోయినచో కెనడా దేశపు తీరము తగులువఱకు నేల లేదు. అంత దూరము గాలి త్రోసికొని వచ్చిన నీరు ఒక్కసారిగా నేలను తాకునప్పుడు పాదముల క్రింద ఇసుక అదరుచున్నట్లు తోచును. ఇట్టి తీరమును చూచిన పిమ్మట, "ఇంతకన్న నిమ్మళమైన చోటికి పోవుదము" అని ఆమె చెప్పి ఈ కొండబాట పట్టించగా, నిమ్మళమన్న మాటకు ఈ దేశమున అర్థము వేఱేమో యని నాకు సందేహము కలిగెను.

బాట ఒక మలుపు తిరిగినది. సందేహము తీరినది.

క్రింద, మూడు వైపుల పచ్చని కొండల నడుమ, గుఱ్ఱపు లాడమువలె వంగిన తెల్లని ఇసుక. దాని ముంగిట నీరు ఒడ్డున లేత ఆకుపచ్చ, కొంచెము లోపల నెమలికంఠపు నీలము. నురుగు లేదు, ఘోష లేదు. ఒడ్డును తాకు అల సన్నని గీతవలె వచ్చి, ఇసుకలో నింకి పోవుచున్నది. ఒక్క అరగంట ముందు చూచిన సముద్రమే ఇదియని నమ్ముట కష్టము. ఇసుకపై నాలుగైదు కుటుంబములు, వారికి కొంత దూరమున ఏ చింతయు లేక పండుకొనిన గొఱ్ఱెలు. ఆ గొఱ్ఱెలకు వీపున ఎఱ్ఱని, నీలపు రంగు గుర్తులున్నవి. ఎవరి మందయో తెలియుటకు యజమానులు వేసికొను గుర్తులట.

ఈ నెమ్మదికి కారణము ఆ స్థలపు నిర్మాణమే. తీరమునకు వెనుక క్రోహాన్ అను పర్వతము కలదు. ఎత్తు 688 మీటరులు, అనగా 2,257 అడుగులు. ఆ పర్వతము ఆవలి వైపున సగమునకు కోసివైచినట్లు సముద్రములోనికి దిగును. ఐరోపా ఖండమందలి సముద్రపుటంచులలో మిక్కిలి ఎత్తైనవానిలో అదియొకటి. ఈవలి వైపున మాత్రము పచ్చిక పఱచిన లోయగా మారి తీరమును చేరును. దక్షిణమున మోయ్‌టోగ్ అను కొండకొమ్ము సముద్రములోనికి చాచిన చేయివలె నున్నది. ఆ దేశమున గాలియు అలయు ఎక్కువ దినములు నైరృతి, పశ్చిమ దిక్కులనుండి వచ్చును. కొండకొమ్ము వానికి వీపు త్రిప్పి నిలిచి, లోపలి నీటిని కాచుచున్నది. విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ అను కొండ ఓడరేవునకు చాటుగా నిలుచుట చూచినవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. కాని చాటన్నది ఏ దిక్కునకైనను చాటు కాదు గదా. గాలి తిరిగి ఆగ్నేయమునుండి వీచినచో అల నేరుగ లోనికి వచ్చును. నీరు నెమ్మదిగ నున్నది గదాయని ఎల్లప్పుడు నమ్మరాదని, వేసవిలో అక్కడ కాపలా యుండు ఈతగాండ్రు చెప్పుదురట.

మేము పోయినది జ్యేష్ఠమాసము. ఆ దేశమున అది నడివేసవి. అయినను నేను చీరపై ఉన్ని కోటు తొడిగికొనియే ఇసుకపై కూర్చుంటిని. నీటి చలి చెప్పనలవి కాదు. నడివేసవిలో సైతము ఆ సముద్రపు నీరు 14, 15 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కుట అరుదు. మనయింటి కుండలో నీళ్ళకన్న చాల చల్లన. అట్టి నీటిలో డెబ్బదియేండ్లు దాటినట్లు కనిపించు ఇద్దఱు స్త్రీలు మాటలాడుకొనుచు, మనము నూతిగట్టున మాటలాడుకొనునంత నెమ్మదిగ, మెడవఱకు దిగి ఈదుచుండిరి. వారిని చూచి మా అమ్మాయియు దిగెను. మొదటి అడుగున కెవ్వున కేకవైచి, రెండు నిమిషములకు నవ్వుచు నన్ను పిలిచెను. నేను మోకాళ్ళవఱకు దిగి, పాదములున్నవో లేవో తెలియక, వెంటనే ఒడ్డు చేరితిని. అప్పుడు ఈదుచున్న పెద్దలలో నొకామె దగ్గఱకు వచ్చి, తన పళ్ళెపుమూతలో వేడి టీ పోసి నాకిచ్చెను. "మొదటిసారియా?" అని మాత్రమడిగెను. ఇంకేమియు అడుగలేదు. పరాయి దేశమున ఇట్టి చిన్న మర్యాదలు మనస్సున చాలకాలము నిలుచును.

ఆమె టీ త్రాగుచు నీటివైపు చూపి, తన చిన్ననాట ఈ నీరు ఎఱ్ఱగా నుండెడి దినములు గలవని చెప్పినది. నాకు మొదట అర్థము కాలేదు. తరువాత తెలిసిన వృత్తాంతమిది.

ఈ తీరమునకు వసంతకాలమున బాస్కింగ్ షార్కు అను పెద్ద సొరచేపలు వచ్చును. ప్రపంచమునందలి చేపలన్నిటిలో పరిమాణమున రెండవది ఈ జాతి. ముప్పది యడుగుల పొడవు పెరుగును. సొరయన్న పేరే గాని ఎవరికిని కీడు చేయునది కాదు. బండి దూరునంతటి నోరు తెఱచికొని నెమ్మదిగ ఈదుచు, కంటికి కానరానంత సన్నని జలజీవులను నీటినుండి వడియగట్టుకొని తినును. ఎండ కాచుకొనుచున్నట్లు నీటిపైకి వచ్చి తేలును గనుక ఆ పేరు వచ్చినది. పాప మదియే దానికి చేటైనది. 1947వ సంవత్సరము మొదలు 1975 వఱకు ఈ చిన్న అఖాతములో వలలు అడ్డముగ కట్టి ఆ చేపలను పట్టిరి. తారు పూసిన గుడ్డను సన్నని బద్దలపై బిగించి చేసిన కరాక్ అను తేలిక పడవలలో ఇద్దఱు ముగ్గురు మనుష్యులు పోయి, వలలో చిక్కిన ఆ మహాప్రాణిని తలవెనుక ఈటెతో పొడిచి చంపెడివారు. తోక ఒక్కసారి విదల్చినచో పడవ తునియలగును. చంపినదానిని ఆవలి రేవునకు లాగికొనిపోయి కార్జము కోసి నూనె తీయుదురు. ఆ చేప బరువులో నాలుగవ వంతువఱకు కార్జమే యుండునట. ఆ నూనె మిక్కిలి సున్నితమైన యంత్రములకు, విమానములకు పనికివచ్చెడిది. ఆ ఇరువదియెనిమిదేండ్లలో పన్నెండు వేలకు పైగా చేపలను చంపిరి. మొదట ఏటికి వేయికి మించి దొరకినవి. చివరకు వల వేసి కూర్చుండినను రాలేదు. వేట తానుగనే ఆగిపోయినది.

దీనిని చదివి ఆ ద్వీపవాసులపై కోపము తెచ్చుకొనుట న్యాయము కాదని నా అభిప్రాయము. పొలములో రాళ్ళు తప్ప పండనిచోట, ఇంటివద్దనే యుండి నాలుగు డబ్బులు గడింపగలుగుట వారికి ఎంత భాగ్యమో, ఆ టీ ఇచ్చిన పెద్దమ్మ మాటలలో నాకు తెలిసినది. ఆ వేటయే లేనిచో తండ్రులు సీమపాలయ్యెడివారట. 2022వ సంవత్సరమున ఐర్లండు ప్రభుత్వము ఆ చేపను చంపుట, బాధించుట చట్టముచే నిషేధించినది. ఇటీవలి యేండ్లలో వసంతమున మఱల నీలపు నీటిపై ఆ నల్లని రెక్కలు కానవచ్చుచున్నవట. మన దేశమందును ఇట్టిదే జరిగినది. చేపలన్నిటిలో పెద్దదైన తిమింగల సొరను గుజరాతు తీరమున కార్జపు నూనెకై చంపుచుండిరి. పడవలకు పూసిన నీరు చొరదని. 2001లో మన ప్రభుత్వము దానిని రక్షితప్రాణులలో చేర్చినది. అటుపిమ్మట, పురిటికై పుట్టినింటికి వచ్చు ఆడుబిడ్డవంటిదిగా దానిని చూడుడని మొరారీ బాపూగారు బెస్తవారికి చెప్పిరి. వారు విలువైన వలలను సైతము కోసి దానిని విడిచిపెట్టుట నేర్చిరి. చట్టము చెప్పినదానికన్న పుట్టినింటి మాట త్వరగా చెవికెక్కెను. బాలింతకు పాలు పడునని సొరచేప వండిపెట్టు తీరమునుండి వచ్చినదానను గనుక ఈ విషయమున నేను పెద్దగా ఉపన్యసింపను.

మధ్యాహ్నము మేము తెచ్చుకొన్న పులిహోర పొట్లములు విప్పి, గాలి బొత్తిగా తగులని చోటు వెదకుచు తీరము వెనుకనున్న లోయలోనికి నడచితిమి. సెలయేటి ప్రక్కన కూలిన గోడలు కొన్ని కనిపించినవి. "ఈ యిల్లు ఎవరిదో తెలిసిన నీవు ఇక్కడ అన్నము తినవు పెద్దమ్మా" అని అమ్మాయి నవ్వెను. అది చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయికాట్ అను ఆంగ్లేయుడు మొదట కాపురమున్న చోటు.

సోదరీమణులారా, ఆ పేరు మనకు క్రొత్తది కాదు. మన అమ్మమ్మలు "విదేశవస్త్రములను బాయికాటు చేసితిమి" అని చెప్పుట మనలో పలువురు వినియే యుందురు. 1905లో వంగదేశ విభజననాటి స్వదేశీ ఉద్యమమున ఆ మాట మన పత్రికల కెక్కినది. 1930లో గాంధీమహాత్ముడు విదేశవస్త్రముల దుకాణముల యెదుటను కల్లు దుకాణముల యెదుటను నిలుచు పనిని ప్రత్యేకముగ స్త్రీలకే అప్పగించెను. ఘోషా వీడని యిండ్ల స్త్రీలు సైతము వీధికి వచ్చి నిలిచిరి. ఆ మాట ఒక మనుష్యుని పేరని, ఆ మనుష్యుడు ఈ గొఱ్ఱెల లోయలో కాపురముండెనని, నాకు ఆ దినమువఱకు తెలియదు.

ఈ బాయికాట్ దొర 1854లో ఆకిల్ ద్వీపమునకు వచ్చి, మొదట ఇక్కడను, పిమ్మట కోరీమోర్ అను చోట పెద్ద యిల్లు కట్టుకొనియు, ఇరువదియేండ్లకు దగ్గఱగా నివసించెను. తరువాత మేయో జిల్లా లోపలి భాగమున మాస్క్ సరస్సు తీరమునకు పోయి, ఎర్న్ ప్రభువను భూస్వామికి ఏజెంటుగా శిస్తులు వసూలు చేయు పనిలో ప్రవేశించెను. 1880లో పంటలు చెడియున్నవి. రైతులు శిస్తు నాలుగవ వంతు తగ్గింపుమని కోరిరి. ప్రభువు పదియవ వంతుకు మించి తగ్గింపననెను. ఇయ్యలేని పదునొకండు కుటుంబములను భూములనుండి వెడలగొట్టుటకు నోటీసులు పుట్టినవి.

ఇచ్చట స్త్రీల కథ మొదలగును. సెప్టెంబరు 22వ తేదీన పోలీసుల కాపుదలతో నోటీసులు ఇయ్యవచ్చినవాడు మూడిండ్లలో నిచ్చెను. తరువాతి యింటి యిల్లాలు నోటీసు పుచ్చుకొనక, ఎఱ్ఱని గుడ్డ నొకదానిని పైకెత్తి ఊపెను. అది చూచి చుట్టుప్రక్కల స్త్రీలందఱు పరుగున వచ్చి, రాళ్ళు, బురద, పేడ, చేతికందినదెల్ల వానిపై విసరిరి. వాడు పోలీసులతోకూడ దొర యింటికి పరుగెత్తి తలుపు వేసికొనెను. మఱునాటినుండి దొర యింట పనివారు లేరు, గుఱ్ఱములకు సాహిణీలు లేరు, పొలమున కూలీలు లేరు. దుకాణదారు సరకు ఇయ్యడు. చాకలి బట్ట ఉదుకదు. ఉత్తరములు తెచ్చు కుఱ్ఱవానిని సైతము మాన్పించిరి. ఎవరును వానిని కొట్టలేదు. ఎవరును పలుకరింపలేదు, అంతే. ఉత్తరపు జిల్లాలనుండి ఏబదిమంది మనుష్యులు పంట కోయుటకు రాగా వారిని కాచుటకు సుమారు వేయిమంది సిపాయిలు, పోలీసులు వచ్చిరి. అయిదువందల పౌనుల పంటను ఇల్లు చేర్చుటకు పదివేల పౌనులైనవని ఆనాడు లెక్కవేసిరి. నవంబరు 27వ తేదీన దొర ఇల్లు విడిచి వెడలిపోయెను. అతని పేరు మాత్రము వెడలిపోలేదు. ఆ యూరి మతాచార్యుడు, పామరజనులకు "వెలి" యను అర్థమిచ్చు ఇంగ్లీషుమాట నోరు తిరుగదని, ఈ పనిని "బాయికాటు చేయుట" యనిన సరియని సూచించెనట.

ఎఱ్ఱగుడ్డ ఊపిన ఆ ఇల్లాలిని తలచుకొనుచు ఆ గోడల ప్రక్కనే కూర్చుండి పులిహోర తింటిని. తినకూడదని నాకేమియు తోచలేదు.

భోజనమైన పిమ్మట నాకొక ప్రశ్న కలిగినది. ఇంత అందమైన చోట, ఇంత పచ్చిక గల లోయలో, ఒక్క ఇల్లైనను కాపురమున్నట్లు కానరాదేమి? త్రోవలోను, స్లీవ్‌మోర్ కొండ క్రింద, ఎనుబదికి పైగా రాతి యిండ్లు పైకప్పులు లేక వరుసగా నిలిచియుండుట చూచియుంటిమి. నాకింతవఱకు హాయినిచ్చిన నిశ్శబ్దము అప్పుడు కొంత వేఱుగ వినిపించెను. "అందఱును వెళ్ళిపోయిరి పెద్దమ్మా" అని అమ్మాయి చెప్పెను. తాను పరిచర్య చేసిన వృద్ధులు పడకలపైనుండి చెప్పిన కథలు ఆమెకు చాల తెలియును.

1845 మొదలు బంగాళాదుంపలకు తెగులు తగిలి ఐర్లండు క్షామమున పడిన సంగతి చరిత్రలో చదివియుందురు. ఆకిల్ ద్వీపమున క్షామము ముగిసిన పిమ్మట సైతము శిస్తు ముగియలేదు. ఆ శిస్తు కట్టుటకై ప్రతి వేసవియందు పండ్రెండు, పదునాలుగేండ్ల ఆడుపిల్లలు, మగపిల్లలు గుంపులుగా స్కాట్లండు దేశమునకు పోయి, మోకాళ్ళమీద ప్రాకుచు చేతులతో బంగాళాదుంపలు ఏరెడివారు. రాత్రులందు పశువుల కొట్టములలో గడ్డిమీద నిద్ర. చలికాలమునకు ముందు కూలిడబ్బు కొంగున ముడివైచికొని తిరిగి వచ్చెడివారు. మన శ్రీకాకుళపు సీమనుండి రంగూనునకు పోయినవారి కథలు విన్నవారికి ఇది క్రొత్త కథగా తోచదు.

1894 జూను 14వ తేదీన అట్టి పిల్లలు నూటికి పైగా ఒక తెఱచాప పడవలో క్లూ అఖాతమున వెస్ట్‌పోర్టు రేవు చేరిరి. అక్కడ గ్లాస్గోకు పోవు పొగయోడ వారికొఱకు నిలిచియున్నది. అంత పెద్ద ఓడను చాలమంది అంతకు ముందు చూచి యెఱుగరు. చూచుటకై అందఱును ఒక ప్రక్కకు వచ్చిరి. పడవ బోర్లపడినది. ముప్పదియిద్దఱు మునిగిపోయిరి; వారిలో యువతులు పెక్కుమంది. ఆ కాలమున ఆకిల్ వంతెనవఱకు రైలుబాట వేయుచుండిరి. ఇంకను ప్రారంభము కాని ఆ బాటపై మొదట నడచిన బండి ఆ పిల్లల శవములను తెచ్చినది.

నలువదిమూడేండ్లు గడచినవి. 1937 సెప్టెంబరు 16వ తేదీన స్కాట్లండునందలి కర్కిన్‌టిలాక్ అనుచోట, ఆకిల్ పిల్లలు నిద్రించు కొట్టమునకు నిప్పంటుకొనినది. ఆడుపిల్లలు వేఱు గదిలో నుండుటచే బయటపడిరి. పదుమూడేండ్లు మొదలు ఇరువదిమూడేండ్లవఱకు వయస్సుగల పదిమంది మగపిల్లలు కాలిపోయిరి. ఆ నెలాఖరునకే ఆ రైలుదారి మూయుటకు నిశ్చయమై యుండెను. దాని చివరి బండ్లలో ఆ పది పెట్టెలు వచ్చినవి. ఇనుప చక్రములు గల బండ్లు పొగను నిప్పును గ్రక్కుచు ఆకిలునకు వచ్చుననియు, మొదటిదియు చివరిదియు శవములను తెచ్చుననియు పూర్వమెప్పుడో ఒక కాలజ్ఞాని చెప్పెనని ఆ దీవిలో అందఱును చెప్పుకొందురు. మన బ్రహ్మముగారివంటి కాలజ్ఞానులు అక్కడను గలరన్నమాట. కాలజ్ఞానమును నమ్మువారు నమ్ముదురు. కిల్డావ్‌నెట్ శ్మశానవాటికలో ఆ రెండు సమాధులు మాత్రము ఒకే ఆవరణమున నున్నవి. ఎవరును నమ్మవలసిన పని లేకయే అవి కన్నులకు కానవచ్చును. ఆ చెంతనే, పదునాఱవ శతాబ్దమున ఓడలు నడిపి ఎలిజబెత్తు రాణితో ముఖాముఖి మాటలాడిన గ్రేస్ ఓమాలీ యను వీరవనిత పేరున చెప్పుకొను కోట బురుజొకటి నిలిచియున్నది. రైలుబాట స్థానమున ఇప్పుడు సైకిళ్ళు త్రొక్కుకొను దారి యేర్పడినది.

ఈ కథ చెప్పి అమ్మాయి ఊరకుండెను. నేనును ఊరకుంటిని. మా చెల్లెలు నాకు చెప్పిన మాట అప్పుడు జ్ఞాపకము వచ్చెను. పిల్ల బరువు తగ్గినదా, అన్నము సరిగా తినుచున్నదా యని చూచి రమ్మని ఆమె యడిగినది. తిరిగి ఎప్పుడు వచ్చునో అడుగుమని చెప్పలేదు. తానడుగలేకయే నన్ను పంపినదని నాకు తెలియును. "సంక్రాంతికి వత్తువా?" అని అడిగితిని. "ఈ యేడు సెలవు దొరకునో లేదో" అని ఆమె ఇసుకపై వ్రేలితో గీతలు గీచెను. కొంతసేపటికి "అమ్మ ఏమైన నన్నదా?" అని తానే అడిగెను. "ఏమియు అనలేదు" అంటిని. అది నిజమే.

సాయంకాలమున జనులు కొంత పెరిగిరి. 2014లో ఈ పడమటి తీరమంతయు కలిపి యాత్రికుల కొఱకు 2,500 కిలోమీటరుల బాట నొకదానిని ఏర్పఱచి, కీమ్ తీరమును అందలి ముఖ్యస్థలములలో చేర్చిరి. 2022లో వచ్చిన ఒక ప్రసిద్ధ చలనచిత్రమున ఒక పాత్రధారి యిల్లు ఈ తీరముననే చూపిరి. అది మొదలు చూడవచ్చువారు హెచ్చిరట. ఇరుకు బాటపై బండ్లు ఎదురెదురు పడుట మేము తిరిగి పోవునప్పుడు చూచితిమి. చూడగోరువారు ఉదయముననే పోవుట మేలు. ఉన్నిబట్ట తప్పక తీసికొనిపోవలెను. కాలికి జాఱని చెప్పులుండవలెను. వాన రాదని ఎవరు చెప్పినను నమ్మరాదు. అన్నము మూట కట్టుకొనుడు.

తిరుగు త్రోవలో డూయా అను గ్రామమువద్ద అమ్మాయి బండి నాపి, రాళ్ళు మాత్రమున్న ఒక ఒడ్డు చూపెను. అక్కడను పూర్వము కీమ్‌వలెనే ఇసుక తీర ముండెడిదట. 1984లో తుఫాను వచ్చి ఇసుకనంతయు ఊడ్చుకొని పోయినది. ముప్పదిమూడేండ్లు బండలే మిగిలినవి. 2017 వసంతమున, కొన్ని దినములు ఉత్తరపు గాలి విడువక వీచిన పిమ్మట, వేలకొలది బండ్ల ఇసుక తిరిగి వచ్చి చేరినది. ఊరివారు వచ్చి పాదరక్షలు విడిచి దానిపై నడచిరి. ప్రపంచమందలి పత్రికలన్నియు వ్రాసినవి. 2019 మొదటి నెలలలో మఱల పోయినది. కీమ్ తీరమునకు రెండు మూడు మైళ్ళ దూరమే యైనను దీనికి కొండకొమ్ము చాటు లేదు.

"మఱల వచ్చునా?" అని అడిగితిని.

"వచ్చుననియే ఇక్కడివారు చెప్పుదురు. ఎప్పుడో తెలియదు" అని ఆమె బండి ముందునకు నడపబోయెను. కాని నడపలేకపోయెను. రాత్రి తొమ్మిది గంటలైనను ఎండ యింకను మిగిలియున్నది. ఎండకు కాగిన బాటపై ఒక గొఱ్ఱె తన పిల్లతో అడ్డముగ పండుకొని యున్నది. అమ్మాయి బూర మ్రోగింపలేదు. అది తనంతట తాను లేచువఱకు మేమిద్దఱము కూర్చుంటిమి.